పడిన బోరు

స్నానం చేసిన ప్రతిసారీ
ఒళ్ళంతా చీమలు పాకినట్టు దురద.
సబ్బు మార్చినా. నీళ్ళు మార్చినా.
"మొగం ఎర్రగా నిగనిగలాడ్తాంది,
బాగా తింటాండావే వన్నూరప్పా!"
కళ్యాణదుర్గం టీ అంగడి కాడ అందరిదీ అదే మాట.

ఇరవై రెండేండ్లు రిగ్గు మీద బతికినోణ్ణి.
తొమ్మిదొందల అడుగులు దించినా
తెల్లటి రాతిపొడి తప్ప తడి తగలని చేన్లెన్నో.
దుడ్లు ఎంచుకోని
రైతు మొగం చూడకుండా రాడ్లు ఎత్తుకునేవాణ్ణి.

ఇప్పుడు అనంతపురం పెద్దాసుపత్రిలో
కాగితం చూస్తా డాక్టరమ్మ అంటాది:
నెత్తురు ఎక్కువైంది నీకు, చిక్కబడింది.
మూలగలో ఒక కణం
తనను తాను తిరిగి రాసుకునేటప్పుడు
ఒక్క అక్షరం తప్పు రాసుకుందంట.
ఇంగ "చాలు" అనే మాట దానికి వినపడదంట.

"మా నాయన గుండె పట్టుకోని పడిపాయె. అదేనా ఇది?"
కాదంది.
పుట్టుకతో వచ్చింది కాదు, బిడ్డకు పొయ్యేదీ కాదు.
మారెక్క కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చింది.
సంతోషానికో, ఇంకేందానికో
నేను అడగలేదు.

గడ్డకట్టి గుండెకు అడ్డం పడకుండా
దినామూ ఒక చిన్న మాత్ర,
నెలకొకసారి లావుపాటి సూది.
"ఎవరికన్నా ఎక్కించండమ్మా" అంటే
పనికిరాదంట. పారబోస్తారంట.

మంచం మీద పండుకోని
సంచి నిండేది చూస్తా ఉంటాను.
ఈ జిల్లాలో నేను చూసిన బోర్లలో
సూది మొనంత లోతుకే పడింది ఇదొక్కటే.
తడపనీక చేను లేదు.