ఇరవై నాలుగు చిల్లులు

బాగా పొంగిన కేకును
చేత్తో పొడిపొడి చేయమంటే
మనసొప్పలేదు నాకు.
పొద్దున్నే ఓవెన్‌లోంచి తీశాను,
పైన ఒక్క బీట లేదు.
నలభై ఏళ్ళు ఓడలకి అతుకులేసిన వాణ్ణి,
బీట లేని పని చూస్తే టోపీ తీస్తాను.
"చిదమాలి నాన్నా, చిదిమితేనే ఉండలవుతాయి"
ఫోన్‌లో రోనా.
రాత్రి డ్యూటీ దిగి ఇంకా ఆస్పత్రి బస్టాపులోనే ఉంది,
గొంతులో నిద్ర,
గొంతు వెనక గ్లాస్గో వాన.

చిదిమాను.
వెన్నా చక్కెరా గిలక్కొట్టిన క్రీము రెండు గరిటెలు వేసి పిసికి
అరచేతుల మధ్య ఒక్కోటీ తిప్పాను.
బల్ల మీద వరసగా పెడితే
పాత బేరింగు గుళ్ళలా ఉన్నాయి.
నవ్వకండి, నాకు తెలిసిన గుండ్రాలు అవే.

పుల్ల గుచ్చేముందు
కొసను కరిగిన చాక్లెట్లో ముంచాలట,
అది గడ్డకట్టి ఉండని పట్టుకుంటుందట.
ఇది మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు.
పెద్ద అతుకుకి ముందు చిన్న చుక్క అతుకు,
యార్డులో మొదటి వారం నేర్పేది అదే.

నిలబెట్టడానికి పాత అలమర పలక దించి
డ్రిల్లుతో ఇరవై నాలుగు చిల్లులు పెట్టాను,
అంగుళంన్నర ఎడం, వెంట్రుకవాసి తేడా లేకుండా.
పక్కింటి మిసెస్ మెక్‌కాండ్లిష్ తొంగిచూసి
"పిల్లలు తినేది పలకని కాదు, డూగల్" అంది.

ఇక రంగులు.
ఎఫీకి ఆరేళ్ళు నిండాయి, ఇంద్రధనుస్సు మొత్తం కావాలంది.
సీసాల మీది పేర్ల కాగితాలన్నీ
నిన్న సాయంత్రం తనే ఒలిచి
నా టీ కప్పుకి అంటించింది.
ఏడు సీసాలు. మూతలన్నీ తెలుపు.
పసుపు తెలిసింది, నీలం తెలిసింది.
మిగిలినవి పేకాటగాళ్ళలా ఎదురుగా కూర్చుని
ముక్క చూపించలేదు.

పదిహేనేళ్ళప్పుడు కరెంటు పని కోసం వెళితే
రెండు తీగలు చూపించి ఎర్రదేదన్నాడు.
తప్పు చెప్పాను.
మళ్ళీ చూపించాడు.
మళ్ళీ తప్పు.
అందుకే వెల్డింగు.
ఆ నల్లద్దం మొహం మీదకి దించాక
ఎవడి కళ్ళయినా ఒకటే,
అందరికీ ఒకే నిప్పు.
ఈ సంగతి ఎలీన్‌కి చెప్పాను, పెళ్ళికి ముందు.
ఆమె పోయాక
ఇంట్లో ఇది ఎవరికీ తెలియదు.

పోసేశాను, ఏదైతే అదే.
మూడో గిన్నెలో తడి చెంచా పెట్టానేమో
చాక్లెట్ ఇసుకలా బిగుసుకుంది.
అప్పుడు తిట్టిన తిట్టు ఇక్కడ రాయను.
మిగతావి ముంచి, గిన్నె అంచుకి తట్టి,
కారేది కారనిచ్చి,
చక్కెర పలుకులు జల్లి,
ఒక్కో చిల్లులో ఒక్కోటి.

మూడింటికి పిల్లలు, తడి బూట్లు, బెలూన్లు.
ఎఫీ పలక చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి
"తాతా, ఎర్రది ఒక్కటీ లేదు!
ఆకుపచ్చవి పదకొండు!" అంది.
ఒకే సీసాని రెండుసార్లు ఒంచినట్టున్నాను.
"కప్పల పార్టీ" అన్నాను.
అంతే, గదంతా బెకబెకలు,
సోఫా మీంచి కార్పెట్ మీదకి గెంతులు.

స్ట్రూవన్ గెంతలేదు.
ఎఫీ తమ్ముడు, నాలుగేళ్ళవాడు,
బల్ల అంచుకి గడ్డం ఆనించి నిలబడ్డాడు.
"నారింజది నాది, నువ్వు ఆకుపచ్చది తీసుకో"
అక్క హుకుం.
వాడు ఒకటి తీశాడు. అక్క కెవ్వుమంది.
అది పెట్టి ఇంకోటి తీశాడు.
తర్వాత రెండూ తీసి, చెరో చేత్తో పట్టుకుని,
కళ్ళు చికిలించి
"రెండూ ఒకటేగా" అన్నాడు,
ఎవరికీ వినపడకుండా.

నాకు వినపడింది.
నాకూ రెండూ ఒకటే.

వీణ్ణి మోసినన్నాళ్ళూ
రోనా దీన్ని కూడా మోసిందన్నమాట,
నా దగ్గర తీసుకుని, తనకే తెలియకుండా.

"రెండూ నీవే, తినెయ్" అన్నాను.
తినేశాడు. గడ్డం నిండా ఏదో రంగు.

రోనా సోఫా మూల
కాగితపు టోపీతోనే నిద్రపోతోంది,
కప్పలు పక్కనుంచే ఎగురుతున్నా.
పలకలో ఒక్కటి తన కోసం దాచాను.
లేచాక చెప్పాలి, ఎలా మొదలెట్టాలో తెలియదు.
ఇదేం రంగు నాన్నా అని అడిగితే
స్ట్రూవన్‌ని పిలుస్తాను,
ఇద్దరం కలిసి తప్పు చెబుతాం.