అట్టపెట్టెల మంచం

బెర్గెన్‌లో వాన వెలిసిన రోజంటే
క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో చుట్టుకోవాలి.
ఫొటోలకి అదే అదును.
తెల్లారకుండానే టూర్‌గెయిర్ ఇంటి ముందు వ్యాన్ ఆపాను.

నా వ్యాన్‌లో పదకొండు నిమ్మకాయలుంటాయి,
మైనంవి.
పన్నెండోది ఏ ఇంటి సోఫా కిందో ఉండిపోయింది.
నార దుప్పట్లు, వెన్ను రంగు చూసి కొన్న పుస్తకాలు,
ఎండుగడ్డి గుత్తి, ఎవరూ తాగని రెండు గ్లాసులు.
ఎక్కడికెళ్లినా ఇవే.
ఈ ఊళ్లో సగం ఇళ్లు
నా నిమ్మకాయలు చూసే అమ్ముడుపోయాయి.

"ముందు మీరు ఇంట్లోంచి పోవాలి" అంటాను అందరితో.
మనిషి కాదు, మనిషి ఆనవాళ్లు.
ఫ్రిజ్ మీది అయస్కాంతాలు, మోకాళ్ల నొప్పుల మందు,
కొక్కేనికి ఫెర్రీ కంపెనీ కోటు, డీజిల్ వాసనతో సహా.
అన్నీ తనే పెట్టెల్లో వేశాడు, మారు మాట లేదు.
వంటింటి తలుపు దగ్గర మాత్రం అడ్డంగా నిలబడ్డాడు.

మోకాలెత్తున గీతలు.
రంగు లేచిపోయి, కింద చెక్క పాలపుట్టులా.
"ట్రుల్స్" అన్నాడు.
పద్నాలుగేళ్లు ఆ కుక్క
బయటికి పోనిమ్మని ఈ తలుపునే అడిగేదట.
నేను పుట్టీ కలిపాను. ఏం చేయను, నా పని అది.
మొదటి గాడి సరిగ్గా నా చూపుడువేలికి సరిపోయింది.
మూడు నింపాను.
నాలుగోదాని ముందు పూలకుండీ జరిపాను.

పడగ్గది పెద్దదిగా కనపడాలి.
అతని మంచాన్ని గోదాముకి పంపి
ఎనిమిది అట్టపెట్టెలు జతచేసి
పైన గాలిపరుపు, దానిమీద దుప్పటి, ఆరు దిండ్లు.
"ఒంటి మనిషికి ఆరెందుకు?"
"మీకు కాదుగా" అన్నాను.
అని, నాలిక కరుచుకున్నాను.

ఆదివారం చూపులు.
ముందుగా వెళ్లి కాఫీ వాసన పుట్టిద్దామనుకుంటే
లోపల గడియ.
రాత్రి పడవ దిగాక
కాళ్లు అలవాటుగా ఇటే తీసుకొచ్చాయట.
మంచం పక్కన, నేలమీద,
స్లీపింగ్ బ్యాగులో ముడుచుకుని పడుకున్నాడు
దుప్పటి అంచుకి జానెడు దూరంలో,
ఒక్క మడత చెదరకుండా.
బూట్లు చంకన పెట్టుకుని లేచాడు
సొంతింట్లో దొరికిన దొంగలా.
"ఏదీ ముట్టుకోలేదు" అన్నాడు.
కాసేపాగి,
"నిమ్మకాయ ఒకటి వాసన చూశాను."

బూట్లకి నీలం ప్లాస్టిక్ తొడుక్కుని జనం వచ్చారు.
కిటికీలు తట్టారు, కుళాయిలు తిప్పారు,
సముద్రం ఎంత కనపడుతుందో మునివేళ్ల మీద లేచి చూశారు.
ఒక పిల్లాడు కుండీ వెనక దూరి
ఎంతసేపటికీ బయటికి రాలేదు.

సోమవారం మధ్యాహ్నానికే అయిపోయింది బేరం,
అడిగినదానిమీద రెండు లక్షల క్రోనర్లు ఎక్కువకి.
పెట్టెలు విప్పి, పరుపులో గాలి తీసి,
వ్యాన్‌లో సర్దుతూ లెక్కపెడితే
నిమ్మకాయలు పది.

కొత్తవి తెప్పించాలి.
ఈసారి రెండు డజన్లు.