ఒతోన్యో

ఆ పాట ఏ భాషదో మాకెవ్వరికీ తెలియదు.
సాయంత్రం నాలుగున్నరకు
గోలీల బండి వార్డులన్నీ తిరిగొచ్చాక
సిస్టర్ పిలార్ వరండాలో కూర్చుని
ఉతికి ఆరేసిన పట్టీలు చుట్టేది.
పట్టీకొక చరణం.
కాజీపేట జంక్షన్ వైపు ఏ గూడ్సుబండో కూతపెడితే
అది పోయేదాకా ఆగి
విడిచిన మాట దగ్గరే మళ్లీ అందుకునేది.

నేను కాంపౌండర్ని.
పేరు తెలియని మందు సీసాలో పొయ్యను.
ఒకనాడు అడిగాను: ఏమున్నది సిస్టర్ ఆ పాటల?

ఆమె తెలుగు మా రోగుల దగ్గర నేర్చినది.
అందులో అందరి ఊళ్లూ ఉండేవి,
పరకాల యాస, మంథని యాస,
ఎక్కడిదో ఒక బూతుమాట కూడా,
అర్థం తెలియక ప్రేమగా వాడేది.
"ఏం లేదు ఓదేలూ.
ఒకామె కిటికీ కాడ నిలవడ్డది. ఆకు రాలింది. గంతే."
గంతేనా?
"గంతే. కానీ ఎనిమిది చరణాలు."

ఒతోన్యో, అంది. ఆ కాలం పేరట.
గోడ మీది క్యాలెండర్లో వేలుపెట్టి చూపింది:
సరిగ్గ ఇప్పుడే, మా ఊళ్ల.

ఇప్పుడా! నాకు నవ్వొచ్చింది.
బయట గుట్ట నిండా తంగేడు విరగబూసింది,
గునుగు కోయను పిల్లలు కొడవళ్లతో పోయారు,
ఏనుమాముల తొవ్వ పొడుగునా
పత్తిబండ్ల నుంచి జారిన తెల్లదనం
తుమ్మకంపలకు చిక్కి ఊగుతోంది.
ఇది నిండే కాలం సిస్టర్, రాలే కాలం కాదు.
మాకు టేకు ఆకు రాలేది ఫాల్గుణంలో.
అప్పుడైనా ఏడవడానికి తీరదు,
పక్కనే మోదుగు మంటపెట్టుకుని నిలబడుతుంది,
ఇప్పపూలు ఏరను తెల్లారకముందే లేవాలి.

ఆమె కాసేపు ఆలోచించింది.
"మరి మీరు ఎప్పుడు ఏడుస్తరు?"
స్పిరిట్ సీసా మూత బిగించాను,
బిగించిందే మళ్లీ బిగించాను.

ఆవరణలో ఒక్క బాదం చెట్టు మాత్రం
పుష్యమాసం చలికి
ఎవరినీ అడగకుండా ఎర్రబడేది.
"ఇది మా దిక్కు చెట్టే, తప్పిపోయి వచ్చింది"
అని సిస్టర్ అబద్ధమాడేది.
దాని కిందనే ఒకరోజు శాయమ్మ అడిగింది,
వేళ్లకు స్పర్శ పోయి పదకొండేళ్లయిన శాయమ్మ,
చెయ్యి కాలితే వాసనతో తెలుసుకునే శాయమ్మ:
"సిస్టరమ్మా, రాలేటప్పుడు ఆకుకు తెలుస్తదా?"

సిస్టర్ చుట్టిన పట్టీ విప్పి
మళ్లీ మొదటినుంచి చుట్టింది.
ఆ పూట పాటలో
ఒక చరణం ఎక్కువైనట్టు అనిపించింది.
నేను లెక్కపెట్టలేదు.

మరుసటేడు ఆమెను వెనక్కి పిలిచారు.
రెండేళ్లకు ఒక కవరు వచ్చింది.
పోస్టుమాన్ చెవి దగ్గర ఊపి చూసి
"లోపలేదో గలగలంటుంది" అన్నాడు.
ఉత్తరం లేదు.
ఒక ఆకు ఉండేది,
అన్ని సముద్రాలు దాటేసరికి పొడయింది,
నడిమి ఈనె ఒక్కటే మిగిలింది.

శాయమ్మ అరచేతిలో పోశాను.
తేరిపార చూసింది. చేతికేమీ తెలియలేదు.
అప్పుడు చెయ్యెత్తి
చెంపకు ఆనించుకుంది,
ఇంకా స్పర్శ మిగిలిన ఎడమ చెంపకు.

"గరుకుగున్నది సారూ" అంది.
ఇంకాసేపు అట్లనే ఉంచుకుంది.