చేబదులు

ఆటు మొదలయ్యాక
మోకాలిలోతు బురదలో గొట్టం దించుతాను.
జానెడు లోతు. తిప్పి, పైన అరచెయ్యి మూసి, లాగడం.
బురద వదిలేటప్పుడు చేసే చప్పుడుకి
స్వైలిం మనవరాలు పడీపడీ నవ్వుతుంది.
"సముద్రం తేన్చింది," అంటుంది.

తేన్పే. కుళ్లిన గుడ్డు వాసన.
సముద్రపు గడ్డి చచ్చి, కింద నాని, నల్లబడి
తన వేళ్లకు తానే పెట్టుకునే విషం.
నువాధిబూ నుంచి మూడో ఏడు వస్తున్నాను ఈ తీరానికి,
ముక్కు ఇంకా ఒప్పుకోలేదు.

ఆ విషాన్ని తినేవాళ్లున్నారు.
చిటికెనవేలి గోరంత తెల్లటి చిప్ప,
దాని మొప్పల్లో కంటికి ఆనని జీవులు.
కడుపులో పెట్టుకుని చూసుకోవడం అంటారు గదా,
ఇది మొప్పల్లో పెట్టుకుంటుంది.
లోపలివాళ్లు గంధకంతో వంట చేస్తారు,
చిప్ప ఆ వంట తింటుంది,
గడ్డి తన వేళ్ల కొసల్నుంచి
కిందివాళ్లకి ఊపిరాడేంత గాలి వదులుతుంది.
ఎవరు ముందు ఇచ్చారో తేల్చడం నా ఉద్యోగం.
తేలలేదు.

నివేదికలో 'పరస్పర లాభం' అని రాయబోయి
లాభం దగ్గర ఆగిపోయాను.
లాభమంటే పద్దు ఉండాలి, వడ్డీ ఉండాలి,
అడుగున ఎవరిదో వేలిముద్ర ఉండాలి.
ఇది ఉత్త చేబదులు.
పక్క గుడారానికి గ్లాసుడు చక్కెర ఇచ్చి మరిచిపోతే
ఎప్పుడో ఒకనాడు ఎండుచేపై తిరిగొచ్చినట్టు.

స్వైలింకి ఇలాంటిదే ఇంకో లెక్క తెలుసు.
చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి
కర్రతో నీళ్లని కొట్టేవాడట.
ఆ చప్పుడు విని డాల్ఫిన్లు వచ్చేవట,
లోతు వైపు నుంచి అవి, ఒడ్డు వైపు నుంచి వీళ్లు,
నడుమ ఎటూ పోలేని బొంతచేపల గుంపు.
"ఎవరికెన్ని?" అన్నాను పెన్సిల్ తీసి.
ఒకే పళ్లెంలో తింటూ
ఎదుటివాడి ముద్దలు లెక్కపెట్టే మనిషిని చూసినట్టు
చూశాడు నన్ను.

చలికాలం సైబీరియా నుంచి పిట్టలు దిగుతాయి.
చిప్పల్ని గుల్లతో సహా మింగుతాయి.
మరీ మింగితే గంధకం ఊరుకోదు, విరేచనాలు.
అందుకని ఇవి నాలుగు, వేరేవి నాలుగు.
ఆశకి పథ్యం ఆహారంలోనే ఉంది,
పిట్టలకి.

పద్నాలుగో చోటు.
గడ్డి పసుపు. పట్టుకుంటే చాలు, వేళ్లతో సహా చేతికొచ్చింది.
పోయిన ఎండల్లో నీళ్లు మరీ దూరం పోయాయని,
బురద కాళ్లు కాల్చిందని
స్వైలిం అప్పుడే చెప్పాడు.
నేను రాసుకోలేదు.
జల్లెడలో కడిగి చూశాను.
అన్ని చిప్పలూ నోళ్లు తెరిచే ఉన్నాయి.
ఎవరు ముందు ఆపేశారో
అదీ తేలదు.
పట్టికలో సున్నా పెట్టాను,
పెన్సిల్ మొన కాగితం దాటి అట్టకి దిగింది.

"ఇక్కడ మరీ కంపు. ఎందుకు?" అంది పిల్ల, ముక్కు మూసుకుని.
"తినేవాళ్లు లేరు," అన్నాను.

పడవ బురదలో కూర్చుంది.
ఈ నీళ్లలో మోటారు కూడదు, ఒక్క తెరచాపే.
పోటు వచ్చేదాకా చేసేదేం లేదు.
స్వైలిం ఇసుకడబ్బాలో నిప్పు రాజేశాడు,
పిల్ల ఒడ్డున ఏరుకొచ్చిన పుల్లలు,
ఆయన టీ ఆకు, నా చక్కెర.
మొదటి గ్లాసులో కూడా నాకు పద్నాలుగో చోటే వాసనేసింది.
ఎవరం పెద్దగా మాట్లాడుకోలేదు.

మూడో గ్లాసు చేతిలో ఉండగా
టీ అంచు ఒక పక్కకి ఒరిగింది.
పడవ ఎప్పుడు తేలిందో
ముగ్గురిలో ఎవరూ చూడలేదు.
స్వైలిం లేచి, తాడు కొస నా ఒళ్లో పడేసి,
"పట్టుకో," అన్నాడు.