మెట్ల దీపం

డండీలో నవంబరు రాత్రి.
మోర్వెన్ అన్నీ ఆర్పేసి,
ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి
టార్చితో మీటరు ముందు కూర్చుంది.

ఏమీ వాడకపోయినా రోజుకింతని
కోసుకుంటారు, తెలిసిందే.
కానీ ఆ ఎర్రచుక్క
ఇంకా ఎవరికోసం కొట్టుకుంటోంది?

ఒక్కో ఫ్యూజూ లాగింది.
నాలుగోదానికి చుక్క ఆగింది.
బయట మెట్ల మీద ఎవరో తూలి
“అమ్మో” అన్నారు.

పదకొండేళ్ళు!
రెండేసి పౌండ్లు పోసి నింపిన మీటరు
నాలుగంతస్తుల అడుగులకీ దారి చూపింది.
కోటు మీద కోటేసుకుని
తను వణికిన చలికాలాలన్నీ
అక్కడ అరవై వాట్లలో వెలిగాయి.

ఫ్యూజు పిడికిట్లో పట్టుకుని
పేరుపేరునా తిట్టింది, చాలాసేపు.

తెల్లారేసరికి మెట్ల దగ్గర
ఐదు వాట్ల బల్బు.
కింద ఖాళీ జాము సీసా,
మూతకి కత్తితో కోసిన చీలిక.
అడుగున ఒక నాణెం,
తనదే.