నాలుగు వేళ్ళ మడత

కదలకుండా నిలబడు కెజియా,
గుండుసూదులు నా నోట్లో ఉన్నాయి,
మాట సరిగ్గా రాకపోతే నువ్వే అర్థం చేసుకో.

ఎనిమిదో క్లాసు దాకా గవర్నమెంటు ఇచ్చింది నీ యూనిఫాం,
ఎవరి కొలతకో కుట్టి.
భుజాలు జారినా, చంకలో పట్టేసినా
ఊరకే వచ్చింది గనక నోరెత్తలేదు మనం.
ఈ తొమ్మిదో క్లాసుది మాత్రం
నీ ఒంటికి టేపు పెట్టి కోసిన గుడ్డ.
బళ్ళు తెరిచే ముందు వారం
పులియాంతోపు మొత్తం నా మిషను చుట్టూ మూగుతుంది.
నీది అందరికంటే ఆఖర్న కుడుతున్నానని అలగకు.
పిన్ని కుట్టుకి కూలి లేదు,
మాటలు వినడమే కూలి.

పెద్ద బడి. మూడంతస్తులు.
పాత బడిలో నీ తుమ్ము విని పేరు చెప్పేవాళ్ళు టీచర్లు.
ఇక్కడ రిజిస్టర్లోనే నీ పేరు వంకరగా ఉంటుంది.
కేసియా అంటారు, కేసి అంటారు.
మొదటి రోజే లేచి సరిచెయ్యి.
వారం దాటిందా, ఆ వంకరే నీ పేరు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు.
మీ అమ్మ అడక్కుండానే పెట్టింది,
తన కంచంలోది కూడా.
అదే వచ్చిన చిక్కు.
లెక్కల మాస్టారు మీ అమ్మ కాదు.
అర్థం కాకపోతే చెయ్యెత్తు.
చంక దగ్గర గుడ్డ వదులుగానే పెట్టాను,
ఎంత పైకెత్తినా పట్టదు, చిరగదు.

గొల్టీ అంటారు ఎవరో ఒకరు.
తెలుగు అన్న మాటనే తిరగేసి విసురుతారు.
తిరగేసి తొడిగితే ఏ చొక్కాకైనా కుట్లు బయటపడతాయి,
వాటిని చూసి నవ్వేది కుట్టడం రానివాళ్ళే.
నువ్వూ నవ్వి ఊరుకో.
నవ్వు రాకపోతే మాత్రం ఊరుకోకు.

వాన పట్టిన రోజు గణేశపురం సబ్వేలో దిగకు,
మోకాలు దాకే కదా అనిపిస్తుంది పైనుంచి.
బ్యాగు లోపలి అరలో బొత్తాం పెట్టి చిన్న సంచి కుట్టాను,
నెలలో ఆ నాలుగు రోజులకి.
ఎవరికీ చూపించక్కర్లేదు,
పక్క పిల్ల మెల్లగా అడిగితే ఒకటి ఇవ్వు.

నా సంగతి చెప్పనా? మీ అమ్మకి కూడా తెలీదు.
తొమ్మిదిలో చేరిన మొదటి మూడు రోజులూ
తప్పు సెక్షన్‌లో కూర్చున్నాను.
ఏ సెక్షన్‌కి వెళ్ళాల్సినదాన్ని, సీలో.
హాజరు పిలిచారు, నా పేరు రాలేదు.
పెద్ద బడిలో ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను.
అక్కడేమో ఆబ్సెంటు,
ఇక్కడేమో లెక్కలోకి రాని తల.
మూడు రోజులు నేను ఎక్కడా లేను కెజియా.
నాలుగో రోజు పక్కనున్న తమిళరసి
నా చెయ్యి పట్టుకుని తనే పైకెత్తింది.
క్లాసంతా నవ్వింది, టీచరు కూడా.
నన్ను మా క్లాసు దాకా తీసుకెళ్ళి దిగబెట్టింది ఆ పిల్లే.

ఈ మిషను ఎవరిదనుకున్నావు?
ఆ తమిళరసి వాళ్ళమ్మది.
తప్పు బెంచీ మీద దొరికినవన్నీ తప్పులు కావు.
అలాగని మూడు రోజులు కూర్చోకు.

తిరుగు. ఇటు.
అంచు మందంగా ఉందనేనా ఆ మూతి ముడవడం?
నాలుగు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచాను.
ఇప్పుడు బరువే, నడుస్తుంటే మోకాలికి కొడుతుంది.
క్రిస్మస్‌కి ఒక వేలు విప్పుదాం,
పదో క్లాసుకి ఇంకోటి.
విప్పిన చోట పాత గీత ఉండిపోతుంది,
ఎంత ఉతికినా పోదు.
చిన్నదాన్నే పెద్దది చేశారని చూసినవాళ్ళకి తెలిసిపోతుంది.
తెలియనీ.

అయ్యో, గుచ్చుకుందా?
కదలొద్దన్నానా లేదా!
సర్లే, అయిపోయింది.
ఇక కదులు.