నీళ్ళెవరు పెడుతున్నరు

మధ్యాహ్నం. సారు తిననీకి ఇంటికి పోయిండు.
ప్రకాశం బజారుల కరెంటు పోయి వచ్చింది.
గుర్రంపోడు నుంచొచ్చిన సైదమ్మ
రిపోర్టు కవరు ఒళ్ళో పెట్టుకొని
"నజ్మా బిడ్డా, కాగితం నాకు సదువరాదు.
ఆ గాజుపలక మీదున్నది నాదేనంట గద,
ఒక్కపారి సూపియ్యి" అంది.

రూల్సు ఒప్పుకోవు.
నేను స్టూలు జరిపిన.

ఆమె రొమ్ములోంచి తీసిన చిక్కుడుగింజంత ముక్క.
ఫార్మలిన్ల ఒక రాత్రి ఉంచిన,
మైనంల పోత పోసిన,
వెంట్రుకలో ఇరవయ్యో వంతు మందాన కోసి
గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి పట్టిన.
ఊదా ఒకటి, గులాబి ఒకటి, రెండు రంగులల్ల ముంచిన.

"మంచిగున్నయి రంగులు" అంది ముందుగాల,
"రైక గుడ్డకైతే."

తర్వాత శానాసేపు మాట్లాడలే.
ఇరవై రెండేండ్లు బత్తాయి తోటల్ల
పాదులు తీసిన కన్ను అది.

"ఈ మూలకు సక్కగనే ఉన్నయి గద.
నడుమ తొవ్వ, సుట్టూ వరుస."
అవి పాల నాళాలమ్మా. మంచియి.
"మరి ఈడ? సాళ్ళు లేవు, ఎడం లేదు,
ఒకదాని మీద ఒకటి ఎక్కినయి.
ఎవరు నాటిండ్రు గిట్ల?"

ఎవరూ నాటలే.
ఒక్క కణం రెండు కావాలంటే
మూడు వందల కోట్ల అక్షరాలు తిరగరాసుకోవాలె,
పాత పహాణీ చూసి కొత్తది దించే గుమాస్తా లెక్క.
ఏడనో ఒక సర్వే నంబరు తప్పు పడుతది.
దిద్దేటోళ్ళు లోపలనే ఉంటరు, దిద్దుతరు.
దిద్దరాకుంటే ఆ కణం తనంత తానే రాలిపోవాలె.
పుట్టకముందు నుంచి ఒంట్లో ఉన్న కట్టుబాటు అది;
అట్ల కొన్ని రాలినందుకే
కడుపులో మన వేళ్ళు విడివిడి అయినయి.

ఇదంతా ఆమెకు చెప్పలే. ఇంకోటి చెప్పిన:
"మార్గశిరంల చెట్లను వాడుకు పెడతరు గద,
నీళ్ళు బందు చేస్తే ఆకు రాలుస్తది,
రాల్చినంకనే పూత."
"ఔ."
"ఇది రాల్చుడు మరిచిన చెట్టు.
ఆకు మీద ఆకే. పూత లేదు, కాత లేదు."

సైదమ్మ తల ఎత్తింది.
"చెట్టు అట్ల మరువది బిడ్డా.
నీళ్ళు లేకుంటే ఎంత మొండిదైనా రాల్చాల్సిందే.
దీనికి నీళ్ళెవరు పెడుతున్నరు?"

రెండేండ్ల కోర్సుల
ఏ పరీక్షల గింత సూటి ప్రశ్న రాలే.

పలకను గోరంత జరిపిన.
వంకర టింకర సన్న గొట్టాలు,
లోపల వరుసగ ఎర్రకణాలు.
"నువ్వే" అన్న.
ఆకలైతుందని అది కబురు పంపుతది.
పక్కన పోయే నెత్తుటి నరం నమ్ముతది, కొమ్మేస్తది.
ఏఎమ్మార్పీ కాల్వకు రాత్రికి రాత్రి
పైన మోటర్లు దించితే
కింది మడులు...

ఆగిన.

"అందుకా" అంది.
చెయ్యి లేపింది. గాజులు
మణికట్టు కాడ ఆగకుండ మోచేతిదాక జారినయి.
"పోయిన దసరకు ఇవి బిగుతు."

ఒక మూల నేను చూపియ్యలే.
అక్కడ సన్నని నాళంలో నాలుగు కణాలు
దేవరకొండ బస్సు కోసం నిలబడ్డట్టు
గుంపుగ నిలబడ్డయి.
వచ్చినకాంచి ఆమె
నడుము పట్టుకొని మూడుసార్లు లేచి కూసుంది.

"పురుగు కాదు గద? ఎవరన్న చేసింది కాదు గద?"
"కాదమ్మా. అన్నీ నీవే."
"నావేనా?"
"నీవే."
"నావైతే నేను అదిలియ్యొచ్చు."

మళ్ళ వంగింది. అద్దానికి కన్ను ఆనిచ్చి
చేన్ల పడ్డ దూడను కొట్టినట్టు, మెల్లగ,
"హేయ్" అంది.

కవరు సంకల పెట్టుకొని పోయింది.
పట్నంల పెద్దాసుపత్రి చీటీ
కొంగున ముడేసుకుంది.

సారొచ్చి కూసున్నడు.
"ఫోకసు ఎవరు మార్చిండ్రు?"
"తోట చూసే ఆమె వచ్చింది సార్" అన్న.